దమ్ము కొలిచిన రోజులు

ఈమధ్య మా బంధువులమ్మాయి ఒకతె బెంగళూరులో ఒక పరిశోధనశాలలో ఉద్యోగానికి చేరింది. చేరేముందు మా ఇంటికి వచ్చి, అక్కడ ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పమని అడిగింది. యంత్రాల సంగతి నాకంటే తనకే బాగా తెలుసు. అందుకని వాటి జోలికి పోకుండా, మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని కొలిచే పని ఎలా ఉంటుందో రాసిపెడతానన్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, కాగితాల మీద ఎవరు సంతకాలు పెట్టారు అనేవి ఇందులో ఉండవు. నేను చేసిన తప్పొకటి ఉంటుంది. దాన్ని సరిగ్గా చెప్పాలంటే మిగతా సంగతులు కూడా కొన్ని చెప్పక తప్పదు.

పని ఏమిటంటే

అరవైల తొలి సంవత్సరాల మాట. మాది బాగేపల్లి తాలూకా మిట్టేమరి. చెనక్కాయ, రాగి పండించే ఇల్లు. బెంగళూరులో కెమిస్ట్రీ చదివి వచ్చాక చిక్కబళ్ళాపురంలో కామత్ అనే డాక్టరుగారి దగ్గర కుదిరాను. ఆయనది మంగళూరు వైపు. ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని, అందులో రెండు గదుల్ని ప్రయోగశాల చేశారు. పొగ తాగినప్పుడు మనిషి నాడి ఎంత పెరుగుతుంది, కాళ్ళూ చేతులూ ఎంత చల్లబడతాయి అనేది ఆయన చేస్తున్న పరిశోధన. సిగరెట్ల మీద పైదేశాల వాళ్ళు చాలా రాశారు గాని బీడీ గురించి ఎవరూ రాయలేదని, ఆ పని తనే చెయ్యాలని ఆయన పట్టుదల.

నా ఉద్యోగానికి ఏదో పేరు ఉండేది. అసలు పని మాత్రం ఒకటే: వచ్చిన ప్రతి మనిషి ఒంట్లోకీ ఒకే కొలత నికొటిన్ పోయేట్టు చూడడం. మందైతే తూచి, నీళ్ళలో కలిపి, సూదితో ఎక్కించవచ్చు. పొగతో అది కుదరదు. నేనెంత తూచి ఇచ్చినా లాగేవాడు ఆ మనిషే. ఎంత లాగాడు, ఎంత మింగాడు, ఎంత బయటికి వదిలాడు అనేది అతని ఛాతీకే తెలియాలి.

మా ఊళ్ళో నా ఉద్యోగం గురించి అడిగినవాళ్ళకు మా నాయన, వాడు బీడీలు తూస్తాడు అని చెప్పేవాడు. అందులో ఎగతాళి ఎంతో నాకు తెలుసు. అయితే అబద్ధం లేదు.

బీడీలు తూచడం

చింతామణిలో బీడీలు చుట్టే ఒకావిడ దగ్గర ఒకే పొగాకుతో, ఒకే చేత్తో చుట్టిన బీడీలు కట్టలు కట్టలుగా తెచ్చుకునేవాళ్ళం. వేరే చేతి బీడీ వద్దని డాక్టరుగారి ఆజ్ఞ. అలా తెచ్చినా రెండు బీడీలు ఒక్క తీరుగా ఉండవు. గాజుపెట్టెలోని తక్కెడలో ఒక్కొక్కటే తూచి, బరువైనవి ఒకపక్క, తేలికైనవి ఒకపక్క తీసేసేవాణ్ణి. నడిమివి మాత్రం మూతపెట్టిన జాడీలో ఉంచేవాణ్ణి. వానాకాలంలో ఆకు తేమ పీల్చుకుని బరువెక్కుతుంది. ఆ సంగతి తెలియక మొదటి ఏడాది రెండు వారాలు తూచినవన్నీ పారేయవలసి వచ్చింది.

తరువాత ప్రతి బీడీ మీద పెన్సిలుతో గీత. ఆ గీత దాకానే తాగాలి. దమ్ముకూ దమ్ముకూ మధ్య ఎంత ఎడం ఉండాలనేది ఇంకో తగాదా. సిగరెట్టుకు నిమిషానికొక దమ్ము అని డాక్టరుగారి పుస్తకాల్లో ఉండేది. బీడీ నిమిషం ఆగదు, ఆరిపోతుంది. మళ్ళీ ముట్టించాలంటే గబగబా నాలుగు దమ్ములు లాగాలి, ఆ నాలుగూ లెక్కలోకి రావు. చివరికి నిమిషానికి నాలుగు దమ్ములని తేల్చుకున్నాం.

పొగాకు లేని బీడీ కూడా ఒకటి చేయించాం. వేరే ఏదో ఎండుటాకు నలిపి చుట్టించిన ఉత్త బీడీ. ఏది ఏదో చెప్పకుండా ఇచ్చి, రెంటికీ తేడా చూడాలని. ఎవ్వరూ మోసపోలేదు. మంచేనహళ్ళి నుంచి వచ్చిన ముసలాయన ఒక్క దమ్ము లాగి, దాన్ని నా చేతిలో పెట్టి, ఇది సచ్చిపోయిండాది, ఇంకోటియ్యప్పా అన్నాడు.

బీడీ తాగని మనిషి

వచ్చేవాళ్ళు ముందురోజు పొద్దుగూకినప్పటి నుంచి బీడీ ముట్టకూడదని నియమం. ఒంట్లో పాత నికొటిన్ ఉంటే మేమిచ్చే కొత్తది ఏం చేసిందో తేలదు కదా. బాగేపల్లి నుంచి వెంకటరవణప్ప అనే వ్యాపారి వచ్చేవాడు. చెప్పినమాట జవదాటే మనిషి కాదు. అయినా అతని నాడి ఎప్పుడు చూసినా అప్పుడే బీడీ పారేసి వచ్చినవాడి నాడిలా ఉండేది. అబద్ధమాడుతున్నాడని డాక్టరుగారికి అనుమానం. నన్ను అడగమన్నారు. అడిగాను.

“తాగొద్దంటిరి, తాగల్యా. దేవుడి మీద ఆన” అన్నాడు.

అంటూ తల పక్కకు తిప్పి కిటికీలోంచి ఎర్రగా ఉమ్మేశాడు. బీడీ లేదు గనక దారి పొడుగునా ఆకువక్కలో పొగాకుపొడి వేసుకుని నమలుతూ వచ్చాడు. మేము బీడీ తాగొద్దన్నాం గాని పొగాకు నమలొద్దనలేదు. అతను మా మాట అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. ఆ రోజు డాక్టరుగారూ నేనూ కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. నవ్వి ఊరుకోకుండా ఇంకా ఏమేం అడగడం లేదో ఆలోచించి ఉంటే బాగుండేది.

కామత్ గారు

ఆయన నిజాయితీపరుడు. పొద్దున ఎనిమిదికి వచ్చి కూర్చుంటే భోజనానికి కూడా లేవడానికి మనసొప్పేది కాదు. కోపం వస్తే కన్నడం వదిలేసి కొంకణిలో గొణుక్కునేవారు. దానివల్ల మాకెవరికీ నష్టం లేకపోయింది. లోపమల్లా ఒకటే. మనిషి ఒకటి చెప్పి, గాల్వనోమీటరు ఇంకొకటి చెప్తే, ఆయన గాల్వనోమీటరు మాటే నమ్మేవారు. అది ఒక పెట్టె, అందులో చిన్న అద్దం, ఆ అద్దం నుంచి ఎదుటి కొలబద్ద మీద పడే వెలుగుచుక్క. కాలి బొటనవేలికి సన్నటి తీగ అంటించి, దాన్ని ఈ పెట్టెకు కలిపితే, వేలు చల్లబడే కొద్దీ చుక్క ఎడమకు జరుగుతుంది. పొగతాగేవాళ్ళలో అది జరుగుతూ ఉంటే చూడడానికి నాకు కూడా సరదాగానే ఉండేది.

ఆ చుక్క ఏం చెప్పినా అది నేను కూర్చోబెట్టిన తీరు మీద ఆధారపడి ఉంటుందని ఆయన మరిచిపోయేవారు. నేనూ మరిచిపోయాను.

చౌడప్ప

సాదలి నుంచి చౌడప్ప వచ్చాడు. ముప్ఫై దాటిన మనిషి. పట్టుపురుగులు పెంచే ఇల్లు. కొంతదూరం నడిస్తే కాలి పిక్క పట్టేస్తుంది, కూర్చుంటే తగ్గుతుంది. కుడికాలి వేళ్ళు ఎప్పుడు ముట్టుకున్నా చల్లగా ఉంటాయి. బీడీ తాగే పడుచు మగవాళ్ళకు రక్తనాళాలు మూసుకుపోయే జబ్బొకటి ఉంది, బీడీ మాన్పించకపోతే వేళ్ళు నల్లబడి పోతాయని డాక్టరుగారి పుస్తకాల్లోనే ఉంది. అందుకే అతని కాలు మా వెలుగుచుక్కకు ఏం చెప్తుందో చూడాలని ఆయనకు ఆత్రం.

చౌడప్ప వెంట అతని తండ్రి మునెప్ప వచ్చాడు. పెద్ద తలపాగా, తక్కువ మాట. ఎండలో బయట అరుగు మీద కూర్చోబోతుంటే నాకు మనసొప్పలేదు. మా ఊరి పెద్దలు గుర్తొచ్చారు. లోపలికి పిలిచి స్టూలు వేశాను.

అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. దాన్ని గొప్ప ఆలోచన అనుకున్నాను కూడా. చుక్కను చూడాలి, అంకె రాయాలి, గడియారం చూసి పదిహేను సెకండ్లకొకసారి ‘లాగు’ అని చెప్పాలి. నాకు రెండే కళ్ళు. డాక్టరుగారు అంగడిలో కొన్న చిన్న ఇత్తడి గంట ఒకటి ఉండేది, పూజలో వాడే రకం. గడియారం అద్దం మీద ఎర్రసిరాతో నాలుగు గుర్తులు పెట్టి, సెకండ్ల ముల్లు గుర్తు మీదికి వచ్చినప్పుడల్లా గంట కొట్టమని మునెప్పకు అప్పజెప్పాను.

“దేవుడి గంట బీడీకి కొట్టేదా?” అన్నాడాయన.

వైద్యంలో భాగమేనని చెప్పాను. ఆయన గంట అందుకున్నాడు. ఒక్క సెకండు కూడా తప్పకుండా కొట్టాడు. అంత కచ్చితంగా గంట కొట్టిన మనిషిని మళ్ళీ నేను చూడలేదు.

ఆ గదిని ఇప్పుడు తలుచుకుంటే అంతా స్పష్టంగా కనిపిస్తుంది. మునెప్ప గడియారం వైపు తిరిగి కూర్చున్నాడు, కొడుకు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చౌడప్ప గోడ వైపు ముఖం తిప్పుకుని, అరచేతి చాటున బీడీ పెట్టుకుని, గంట మోగినప్పుడల్లా నోటికి తాకించాడు. నేను చుక్కను చూస్తున్నాను. డాక్టరుగారు పక్కగదిలో ఉన్నారు. బీడీని చూసినవాళ్ళు లేరు.

చుక్క కదలలేదు. పొగకు ముందు ఎక్కడుందో తరువాతా అక్కడే ఉంది. మూడుసార్లు పిలిపించాం, మూడుసార్లూ అంతే. ఈ పద్ధతి బాగుందని మిగతావాళ్ళ విషయంలో కూడా అదే చేశాను. ఎవరి వెంట అన్న వస్తే అన్న, మామ వస్తే మామ, వాళ్ళ చేతికే గంట. వాళ్ళలో చాలామందికి చుక్క నామమాత్రంగా కదిలింది. సిగరెట్టంత చెడ్డది కాదు బీడీ అని డాక్టరుగారు వ్యాసం రాయడం మొదలుపెట్టారు.

చౌడప్ప విషయంలో ఆయన రెండు రోజులు ఆలోచించారు. పుస్తకం మానిపించమంటోంది. చుక్క మాత్రం ఇతని నాళాలకు పొగతో పనిలేదంటోంది. చివరికి మాత్రలు రాసిచ్చి, బీడీ మానమని ఇతన్ని వేధించనక్కరలేదు, ఆ మాట చెప్పు అని నాతో అన్నారు.

నేనే చెప్పాను. “బీడీ వల్ల కాదంటప్పా. తాగితే తాగు” అన్నాను. చౌడప్ప ముఖం వికసించింది. దండం పెట్టి వెళ్ళాడు.

సాదలిలో

నాలుగైదు నెలల తరువాత మళ్ళీ రావలసిన రోజున అతను రాలేదు. మనిషిని పంపినా జవాబు లేదు. నేనే బస్సెక్కి సాదలి వెళ్ళాను.

ఇంట్లో పురుగులు పెద్దవై ఆకు తింటున్నాయి. ఆ చప్పుడు సన్నవాన పడుతున్నట్టు ఉంది. చౌడప్ప భార్య తట్టల్లో ఆకు వేస్తోంది. నేను గడప దాటబోతే ఆపి, బీడీ తాగి వచ్చావా అని అడిగింది. ఆ రోజుల్లో నేనూ తాగేవాణ్ణి. నిజం చెప్పాను. చేతులు కడుక్కుని అరుగు మీదే కూర్చోమంది. బీడీ తాగిన చేత్తో ఆకు ముడితే పురుగు తల పైకెత్తి, కక్కుకుని చచ్చిపోతుందని ఆమెకు తెలుసు. నికొటిన్ అనే పేరు మాత్రం తెలియదు. మేము తక్కెడతో, గడియారంతో తంటాలు పడి తెలుసుకోబోతున్న సంగతి ఆ ఇంట్లో ఆడవాళ్ళకు ఎప్పటినుంచో తెలిసిందే. మీ ఆయన ఏడి అంటే, ఇంటెనక తోటలో ఉంటాడు, పురుగులుండే ఇంట్లో తాగేదానికి లేదు, మామ ముందర తాగేదానికి లేదు, ఇంక యాడికి పోతాడు అంది.

మల్బరీ తోట గట్టు మీద చౌడప్ప నాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. పిలవబోయి ఆగాను. బీడీ పిడికిట్లో ఇరికించి, పిడికిలి నోటికి ఆనించి లాగాడు. బుగ్గలు లోపలికి పోయాయి. భుజాలు పైకి లేచాయి. లోపలే చాలాసేపు పట్టుకున్నాడు. వదిలినప్పుడు పొగ పలచగా, రంగు లేకుండా వచ్చింది. ఒకదాని నిప్పుతో ఇంకొకటి ముట్టించాడు. దొంగచాటుగా దొరికిన కొద్దిసేపట్లో రోజుకు సరిపడా లాక్కునే తాగుడది. కుడికాలి వేళ్ళకు గుడ్డ చుట్టి ఉంది.

ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. గుడ్డ విప్పి చూపించాడు. రెండు వేళ్ళు నల్లగా ఉన్నాయి. మీరు పరవాలేదన్న దగ్గర్నుంచి కొంచెం ఎక్కువే తాగుతున్నానని తనే చెప్పాడు. మా దగ్గర ఇలాగే లాగావా అని అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

“మా నాయన గంట కొడతా కూసోనుంటే ఎట్ల లాగేది నరసింహప్పా? నోట్లో పెట్టుకోని వదిలేస్తి. నువ్వు మన పక్కోడివే కదా, నీకు తెలుసనుకుంటి.”

నాకు తెలుసు. మా నాయన వీధి మలుపులో కనిపిస్తే చేతిలో బీడీ నలిపేసి జేబులో వేసుకున్నవాణ్ణి నేను. జేబు కాలిన చొక్కా ఆ రోజుకు కూడా నా దగ్గర ఉంది. మంగళూరు నుంచి వచ్చిన డాక్టరుకు తెలియకపోవచ్చు. నాకు తెలియనిది ఏముంది? తాగితే తాగు అన్న మాట నా నోటితో అన్నదే.

మళ్ళీ కొలిచినప్పుడు

మరుసటి రోజే తండ్రీకొడుకులు చిక్కబళ్ళాపురం వచ్చారు. డాక్టరుగారికి ముందే అంతా చెప్పాను. ఆయన ఒకే ఒక్క బీడీ, ఇదే ఆఖరిది అన్నారు. కొలిచి తీరాలన్న ఆయన పట్టుదల ఆ పూట నాకు నచ్చలేదు. నచ్చలేదని అనలేదు కూడా.

మునెప్ప అలవాటుగా స్టూలు మీద కూర్చుని గంట చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి బయట కూర్చోవాలని ఆయనకు చెప్పవలసి వచ్చింది. ఎందుకని అడిగాడు. మీరుంటే మీ వాడు పొగ లోపలికి లాగడం లేదు, అందువల్ల మా లెక్క తప్పింది అన్నాను. ఆయన లేచాడు. గంట నాలుకను వేలితో పట్టుకుని, మోగకుండా బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళాడు.

గంట నేనే కొట్టాను. చుక్కను డాక్టరుగారు చూశారు. మూడో దమ్ముకే అది జరగడం మొదలైంది, ఆగకుండా పోయింది. డాక్టరుగారు చౌడప్ప నోటి నుంచి బీడీ తనే లాగి పారేశారు.

తరువాత నన్ను పక్కగదిలోకి పిలిచారు. కోప్పడతారనుకున్నాను.

“నువ్వు మీ నాన్న ముందు తాగుతావా?” అని అడిగారు.

తాగనన్నాను.

“అలాంటప్పుడు నాకెందుకు చెప్పలేదు?”

అది చెప్పదగ్గ సంగతి అని నాకు తోచలేదు. చొక్కా వేసుకుని బయటికి వెళ్తాం అన్నంత మామూలు సంగతి. చదువుకున్నవాణ్ణి గనక, కొలతకు సంబంధించినవన్నీ పుస్తకంలో ఉంటాయని, మా ఇంట్లో ఉండవని అనుకున్నాను.

గంట ఎవరి చేతికి ఇచ్చానో పుస్తకం తెరిచి ఒక్కొక్క పేరే చెప్పించుకున్నారు. అన్న, మామ, చిన్నాయన అని నేను చదువుతుంటే ఆయన ఎర్రపెన్సిలుతో పేజీలు కొట్టేశారు. మిగిలినవి చాలా కొద్ది. అచ్చుకు పంపడానికి సిద్ధం చేసిన వ్యాసాన్ని చించలేదు, బీరువాలో అడుగున పెట్టేశారు. ఏడాది పని మొత్తం మళ్ళీ మొదలుపెట్టాం. ఆ పని చెయ్యడానికి ఎంత గుండె కావాలో తరువాత వేరే పెద్దల దగ్గర పనిచేశాక తెలిసింది. వాళ్ళలో కొందరు ఆ పేజీలను ఉంచుకునేవాళ్ళే.

చివరికి

చౌడప్పకు బెంగళూరులో రెండు వేళ్ళు తీసేశారు. బీడీ పూర్తిగా మానకపోతే పాదం, ఆ తరువాత కాలు అని గట్టిగా చెప్పి పంపారు. సరేనన్నాడు. అందరూ సరేనంటారు. ఇన్నేళ్ళు పొగతాగేవాళ్ళ మధ్య గడిపినవాణ్ణి, ఆ సరేకు విలువెంతో నాకు తెలుసు. నేనిచ్చిన అనుమతితో తాగిన ఆ నాలుగైదు నెలలు లేకుంటే ఆ వేళ్ళు నిలిచేవేమోనని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. ఆ బాధ పోలేదు.

ఏడాది దాటాక పనిమీద సాదలి పక్కగా పోతూ, వెళ్ళాలంటే భయంగానే ఉన్నా, ఆగాను. ఇంట్లో అడిగితే తోటలో ఉన్నారన్నారు. తోటలో అంటే మళ్ళీ బీడీ తాగుతున్నాడనీ, పాదం కూడా పోయి ఉంటుందనీ అనుకున్నాను.

గట్టు మీద, ఆ రోజు చౌడప్ప కూర్చున్న చోటే, మునెప్ప గోనెపట్టా పరుచుకుని కూర్చుని ఉన్నాడు. నాలుగు సాళ్ళ అవతల చౌడప్ప కొంచెం కుంటుతూ ఆకు కోస్తున్నాడు. నన్ను చూసి నవ్వి, కాలెత్తి చూపించాడు. తీసేసిన రెండు వేళ్ళు తప్ప అంతా ఉంది. ముఖంలో కండ వచ్చింది. బీడీ ఎట్లా మానావని అడిగితే, గట్టు వైపు గడ్డం ఎగరేశాడు.

మునెప్ప పక్కన కూర్చున్నాను. ఆయనకు డెబ్భై దాటి ఉంటాయి. తెల్లవారి కొడుకు తోటలోకి వస్తే తోటలోకి, సంతకు పోతే సంతకు, చివరికి క్షౌరానికి కూర్చున్నా పక్కనే ఉంటున్నాడని, ఆకు తట్ట కోసం వచ్చిన కోడలు చెప్పింది. ఈ వయసులో ఎండలో ఇట్లా ఎందుకు తిరుగుతున్నారప్పా అని అడిగాను.

ఆయన కొడుకు వైపు చూడలేదు. ఆ రోజు గదిలో చూడనట్టే, ఎదురుగా ఎక్కడో చూస్తూ అన్నాడు.

“నేనుంటే లాగడని మీరే కదప్పా కనిపెట్టింది. అందుకే ఉండా.”